అరచేతులే ఎందుకు రాసిందో

నిద్ర పట్టట్లేదు. అందరూ పడుకున్నారు, అత్తయ్య గదిలో లైటు కూడా ఆరిపోయింది, నేను మాత్రం బుజ్జి స్కూలు పేపరు ముందేసుకుని కిచెన్ టేబుల్ దగ్గర కూర్చున్నాను. సంతకం పెట్టి రేపు పొద్దున బ్యాగులో పెట్టెయ్యాలి. సంతకం పెట్టేశాను కూడా. అయినా బ్యాగులో పెట్టబుద్ధి కావట్లేదు.

ఈ వారం వాళ్ళ స్కూల్లో సెల్ఫ్ కేర్ వీక్ అంట. స్కూలు కౌన్సెలర్ ఈ పేపరిచ్చి పంపింది. అద్దం ముందు నిలబడు, నీలో నీకు నచ్చినవి మూడు రాయి, పక్కన బొమ్మ వెయ్యి. మొదటి గడిలో నా నవ్వు అని రాసింది, పన్ను ఊడిన చోట సందు వదిలి మరీ వేసింది బొమ్మ. రెండోది, నేను ఫాస్ట్‌గా పరిగెడతాను. మూడో గడి దగ్గర ఆగిపోయింది. పెన్సిల్ వెనకున్న రబ్బరు నమిలింది, కుర్చీ ఊపింది, వాళ్ళన్నయ్యని తన్నింది, చివరికి "నా అరచేతులు" అని రాసింది.

గిన్నెలు సర్దుతూనే అడిగాను, అరచేతులేంటే అని. "అమ్మా ఇటు చూడు, ఇక్కడ నేను అంత బ్రౌన్ కాదు. నీ చెయ్యి, నా ఫ్రెండ్ చెయ్యి, మా టీచర్ చెయ్యి, ఇలా తిప్పితే అందరివీ ఇంచుమించు ఒకటే" అంది. ఏదో కొత్తగా కనిపెట్టినట్టు సంతోషంగా చెప్పింది. ఏడుస్తూ చెప్పుంటే దగ్గరికి తీసుకుని ఏదో ఒకటి చెప్పేదాన్ని. నవ్వుతూ చెప్పిన పిల్లకి ఏం చెప్తాం.

ఇంకా ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు దానికి.

ముందు నాకు ఆ పేపరు మీదే ఒళ్ళు మండింది, నిజం. ఊపిరి గట్టిగా పీల్చు, అద్దంలో చూసి "ఐ లవ్ యూ" చెప్పుకో, నచ్చిన రంగు వెయ్యి, ఇవీ అందులో ఉన్నవి. పిల్లలందరికీ ఒకటే పేపరు. ఒకళ్ళకి రంగు గురించి పుట్టిన దగ్గర్నుంచీ ఎవరూ ఒక్క ముక్క అని ఉండరు, ఇంకొకళ్ళు రోజూ వింటూ ఉంటారు, ఇద్దర్నీ అదే అద్దం ముందు నిలబెట్టి నిన్ను నువ్వు ప్రేమించుకో అంటే ఎలా? రెండో పిల్లకి ఆ అద్దంలో కనపడేది తన మొహం ఒక్కటే కాదు కదా, విన్న మాటలన్నీ కనపడతాయి. ఆ మాటలన్నవాళ్ళకి ఏ హోంవర్కూ లేదు. పిల్లకి ఉంది.

పోయినేడు ఫిబ్రవరిలో పెద్దాడి బ్లాక్ హిస్టరీ ప్రాజెక్టుకి నేనూ వాడితో కూర్చున్నాను కదా, అప్పుడు చదివింది ఇవాళ మళ్ళీ గుర్తొచ్చింది. 1940ల్లో ఇక్కడే అమెరికాలో కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అని భార్యాభర్తలు, ఇద్దరూ నల్లజాతి సైకాలజిస్టులే, మూడు నుంచి ఏడేళ్ళ లోపు పిల్లల ముందు బొమ్మలు పెట్టారు. అన్నీ ఒకేలాంటి బొమ్మలు, రంగే తేడా. ఇందులో మంచి బొమ్మేది, చెడ్డదేది, నీలా ఉన్నదేది అని అడిగారు. మంచిది తెల్లదే అన్నారు నల్లపిల్లల్లో ఎక్కువమంది. చివరి ప్రశ్నకి, నీలా ఉన్నదేది అనేసరికి, కొంతమంది పిల్లలు ఏడ్చి గదిలోంచి వెళ్ళిపోయారట. అక్కడ నేను ల్యాప్‌టాప్ మూసేసి కాసేపు ఊరికే కూర్చున్నాను ఆ రోజు. 1954లో బ్రౌన్ కేసులో సుప్రీంకోర్టు, రంగుని బట్టి స్కూళ్ళు వేరు చెయ్యడం కుదరదని తీర్పిచ్చినప్పుడు కింద ఫుట్‌నోట్‌లో క్లార్క్ పరిశోధనని కూడా చూపించింది. నేను చెప్పొచ్చేది ఏంటంటే, కోర్టు ఆ పిల్లల్ని మారమనలేదు, స్కూళ్ళని మారమంది. అది కదా వరస.

సరే, పేపరు సంగతి పక్కన పెడతాను. అసలు కోపం పేపరు మీద కాదు, వదిన మీద.

శనివారం వాళ్ళింట్లో భోజనాలు. పిల్లలంతా వెనక యార్డులో ఆడుకుంటున్నారు, బుజ్జి చెమటలు కక్కుకుంటూ నీళ్ళకోసం లోపలికొచ్చింది. అంతమంది కూర్చుని ఉన్న హాల్లో, "అయ్యో అయ్యో ఇదేంటే, ఎండలో ఆడీ ఆడీ బొగ్గయిపోయావు, మొన్న ఉగాదికి చూసినప్పుడు ఎంత బావున్నావు" అంది వదిన. అందరూ నవ్వారు. బుజ్జి కూడా నవ్వింది. ఆ నవ్వే నాకు మింగుడుపడట్లేదు. "వదినా, దానికి దాహమేస్తోంది, ముందు నీళ్ళు తాగనివ్వండి, రంగు సంగతి ఎందుకిప్పుడు" అన్నాను గట్టిగానే. ఆవిడకి వినపడనే లేదు, లేదా వినపడనట్టు ఊరుకుంది. "సాకర్ మాన్పించెయ్యరాదూ, ఆడపిల్లకి ఆ ఎండేంటి, స్విమ్మింగ్ వద్దులే అది ఇంకా ఘోరం, డ్యాన్సులో వెయ్యి హాయిగా" అని మొదలెట్టింది, ఆపకుండా. ఏ క్రీము రాస్తే ఎన్ని వారాల్లో తేలుతుందో కూడా చెప్పింది. బుజ్జి గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని అన్నీ వింటోంది.

అంతటితో అయిపోలేదు. తర్వాత కిచెన్లో ప్లేట్లు తీస్తుంటే నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించి, "బుజ్జి ఎప్పుడూ ఆ నల్లపిల్లతోనేనా? అంటే మంచిపిల్లే అనుకో, అయినా చూసుకోవాలి కదా మనం" అంది. ఏం చూసుకోవాలి వదినా అని అడిగాను. "నీకు తెలీనిదేముంది" అని అవతలికి వెళ్ళిపోయింది. నాకేం తెలుసు? నాకు తెలిసిందల్లా ఆ పిల్ల మా బుజ్జి లంచ్ బాక్సు మర్చిపోయిన రోజు తన శాండ్‌విచ్ సగం పెట్టింది.

కార్లో మా ఆయన ఎప్పట్లాగే, "వదిన మనసులో ఏం ఉండదు, తెలుసుగా, లైట్ తీస్కో" అన్నారు. ఆవిడ మనసులో ఉంటే ఏంటి లేకపోతే ఏంటి. బుజ్జి మనసులోకి వెళ్ళిందా లేదా అన్నదే నా లెక్క. ఇదే వదిన ఆఫీసులో తన యాక్సెంట్ చూసి మీటింగుల్లో మాట్లాడనివ్వరని, తన కింద పనిచేసినవాడికి ప్రమోషన్ ఇచ్చారని మా సోఫాలో కూర్చుని ఏడ్చింది. ఆ రోజు నేను ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను, మళ్ళీ అలాంటి రోజొస్తే మళ్ళీ కూర్చుంటాను. తన దాకా వస్తే అన్యాయం అని తెలుస్తోంది కదా, మరి పక్కింటి పిల్ల దగ్గరికొచ్చేసరికి ఎందుకు తెలీదు?

మనం ఈ అమెరికాకి ఎలా వచ్చామో కూడా ఎవరూ పిల్లలకి చెప్పరు. 1923లో భగత్ సింగ్ థింద్ అని, మొదటి ప్రపంచ యుద్ధంలో ఇదే దేశం ఆర్మీలో పనిచేసినాయన, నేనూ ఆర్యుడినే, తెల్లవాళ్ళలోకే వస్తాను, సిటిజన్‌షిప్ ఇవ్వండి అని వాదిస్తే సుప్రీంకోర్టు కుదరదంది. 1946 తర్వాత కూడా ఇండియా మొత్తానికి ఏడాదికి వందమంది కోటా. 1965లో ఆ కోటాల పద్ధతి తీసేసి చట్టం మారిస్తేనే మనవాళ్ళకి తలుపు తెరుచుకుంది. అది ఊరికే తెరుచుకోలేదు, అంతకుముందు ఏళ్ళ తరబడి నల్లవాళ్ళు రోడ్ల మీద దెబ్బలు తిని, జైళ్ళకెళ్ళి, ఈ దేశాన్ని సిగ్గుపడేలా చేస్తే వచ్చిన గాలిలో తెరుచుకుంది. వదిన వాళ్ళ యార్డూ, మా యార్డూ అన్నీ దాని తర్వాతే.

అసలు పిల్లకి తన ఒళ్ళంటే ప్రేమ ఎలా వస్తుందో నేను చూసింది మాత్రం నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో, పాత అపార్ట్‌మెంట్లో. కింద ఒక నల్లజాతి ఆవిడ ఉండేది. పెద్దాడు కడుపులో ఉన్నప్పుడు, కొత్త ఊరు, మా ఆయన రాత్రి దాకా ఆఫీసు, సాయంత్రాలు నాకు తోచేది కాదు. ఆవిడ ఆదివారం సాయంత్రం మెట్ల మీద కూర్చునేది, కింది మెట్టు మీద మోకాళ్ళ మధ్య మనవరాలు. సన్నతోక దువ్వెనతో పాపిళ్ళు తీసేది, గీత గీసినట్టు తిన్నగా. తీసిన ప్రతి పాపిట్లోనూ వేలితో హెయిర్ గ్రీజు రాసి, పాయలు తీసి జడ అల్లి, చివర పూసలు. గంటలు గంటలు. పిల్ల అటూ ఇటూ మెదిలితే దువ్వెనతో భుజం మీద చిన్నగా తట్టేది. తల పనయ్యాక డబ్బాలోంచి వాజలీన్ తీసి మోచేతులకి, మోకాళ్ళకి, మడమలకి, చెవుల వెనక కూడా రాసేది. ఎక్కడా పొడిబారి తెల్లగా కనపడకూడదు. పిల్ల లేచి నిలబడితే మోకాళ్ళు మెరిసేవి.

మొదట్లో నేను దూరం నుంచి చూసేదాన్ని, తర్వాత వెళ్ళి పక్కన కూర్చోవడం అలవాటైంది. నన్ను "బేబీ" అని పిలిచేది. అప్పటికి ఆవిడకి యాభై దాటాయి. 1971లో షార్లెట్ కేసులో సుప్రీంకోర్టు, బస్సుల్లో పిల్లల్ని అటూ ఇటూ పంపించైనా సరే స్కూళ్ళు కలపాల్సిందే అన్నప్పుడు ఆ బస్సెక్కిన పిల్లల్లో ఆవిడొకతె. వాళ్ళమ్మకి హాస్పిటల్ లాండ్రీలో నైట్ షిఫ్ట్. తెల్లారి వచ్చి, నిద్రపోకుండా, ముందు పిల్లలకి తల దువ్వి ఒళ్ళంతా వాజలీన్ రాసేదట. "బేబీ, మా అమ్మ ఏం చెప్పేదో తెలుసా, అక్కడ నిన్ను ఎవరెలా చూస్తారో అది నా చేతుల్లో లేదు, ఇక్కణ్ణించి మాత్రం ముద్దు చేయించుకుని వెళ్ళు అనేది" అంది ఆవిడ. ఆ మాట చెప్పేటప్పుడు కూడా చెయ్యి ఆగలేదు, జడ అల్లుతూనే ఉంది.

ఆవిడే చెప్పింది డొరతీ కౌంట్స్ గురించి కూడా. తను పుట్టకముందు కథ, 1957. అదే షార్లెట్, హార్డింగ్ హైస్కూలు, అన్నీ తెల్లపిల్లలే ఉన్న స్కూల్లో పదిహేనేళ్ళ నల్లపిల్ల ఒక్కతే అడుగుపెట్టింది. చుట్టూ గుంపు, ఎగతాళి, మీద ఉమ్మారు, వస్తువులు విసిరారు. ఆ ఫోటో నేనూ చూశాను, తల ఎత్తుకుని నడుస్తూ ఉంటుంది. నాలుగు రోజులు వెళ్ళింది. నాలుగు రోజుల తర్వాత వాళ్ళ నాన్న మాన్పించేశాడు, ఫిలడెల్ఫియాలో చుట్టాలింటికి పంపి అక్కడ చదివించారు. పిరికితనం కాదా అని నేను అడగలేదు గానీ నా మొహంలో కనపడిందేమో, "ఆ పిల్లని పోరాటానికి ఇచ్చారు, తినెయ్యడానికి ఇవ్వలేదు" అంది ఆవిడ. తర్వాత డొరతీ షార్లెట్‌కే తిరిగొచ్చి చిన్నపిల్లల సంరక్షణ రంగంలోనే పనిచేసింది. నేనైతే ఇదే పెద్ద సంగతి అంటాను.

ఈవిడ చేతులు గుర్తొచ్చినప్పుడల్లా మా అమ్మమ్మ చేతులు కూడా గుర్తొస్తాయి. ఆదివారం తలంటు, శనగపిండి నలుగు, వీపు మంటెత్తేదాకా. "రుద్దనివ్వవే, రంగు తేలుతుంది, రేపు ఎవడు చేసుకుంటాడు నిన్ను" అనేది. అదీ ప్రేమే, కాదనను, పొయ్యి మీద నీళ్ళు మోసుకొచ్చి పోసేది పాపం. చాలాకాలం ఆ నలుగు మీదే కోపం ఉండేది నాకు, బుజ్జి పుట్టాక ఇంట్లో శనగపిండి పెట్టనివ్వను అనుకున్నాను. ఇప్పుడు అలా అనిపించట్లేదు. ఆ వేడినీళ్ళు, ఆ నూనె, ఆ సాంబ్రాణి, తల తుడిచేటప్పుడు చీర కొంగు వాసన, ఇవన్నీ నాకు కావాలి, బుజ్జికీ కావాలి. ఆ ఒక్క మాటే వద్దు. కింద ఉన్నావిడ కూడా అంతసేపు రుద్దేది, అంతసేపు రాసేది, ఏదీ తేలాలని కాదు.

రాస్తూ రాస్తూ పేపరు తిరగేశాను ఇప్పుడే. వెనకవైపు ఇంకో ప్రశ్నుంది, నేను చూడనే లేదు. నీ మనసు బాలేనప్పుడు ఏం చేస్తే నీకు బావుంటుంది? బుజ్జి రాసింది: "బయటికెళ్ళి చాలా ఫాస్ట్‌గా పరిగెడతాను, అప్పుడు నాకు ఏమీ వినపడదు".

శనివారం నీళ్ళు తాగి గ్లాసు అక్కడ పెట్టి మళ్ళీ యార్డులోకే పరిగెత్తింది అది. నేను ఆటకనుకున్నాను.

పేపరుని తిట్టాను పైన. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. ఈ పేపరు రాకపోతే నాకు ఇవేమీ తెలిసేవి కావు. అద్దం సంగతి ఇప్పటికీ నచ్చలేదు, కానీ ఎవరో ఒకళ్ళు పిల్లని కూర్చోబెట్టి నీకేం బావుంటుంది అని అడిగారు కదా. మేమీ క్లార్క్ కూడా బొమ్మల పరీక్షతో ఆగిపోలేదు, 1946లో భర్తతో కలిసి న్యూయార్క్ హార్లెంలో పిల్లల మనసు బాగుకోసం నార్త్‌సైడ్ సెంటర్ పెట్టింది. కోర్టులో గెలవడమూ కావాలి, ఏడ్చిన పిల్లని కూర్చోబెట్టుకోవడమూ కావాలి. ఇంతసేపూ ఇది ఉంటే అది అక్కర్లేదన్నట్టు ఆలోచిస్తున్నాను, రెండూ ఒకేసారి జరగాలి.

ఇంకోటి కూడా ఉంది, దీన్ని జాగ్రత్తగా రాయాలి. బుజ్జికి వచ్చింది ఒక మాట. దాని ఫ్రెండు వాళ్ళకి వచ్చేది మాటతో ఆగదు. ఆ పిల్లకి పన్నెండేళ్ళ అన్నయ్య ఉన్నాడు. వాళ్ళమ్మ వాణ్ణి వాటర్ గన్ బయటికి తీసుకెళ్ళనివ్వదు, వేసవిలో కూడా. 2014లో క్లీవ్‌లాండ్‌లో టామిర్ రైస్, వాడికీ పన్నెండేళ్ళే, పార్కులో బొమ్మ తుపాకీతో ఆడుకుంటుంటే పోలీసు కారు దిగిన క్షణాల్లోనే కాల్చేశారు. మా పెద్దాడు వాటర్ గన్ పట్టుకుని వీధంతా తిరుగుతాడు, నేను లోపల వంట చేసుకుంటూ ఉంటాను. ఈ తేడా బుజ్జికి చెప్పాలి, భయపెట్టకుండా, ఎప్పుడో ఒకప్పుడు. మనిద్దరం బ్రౌనే కదా అని ఇద్దరి కష్టం ఒకటే అనుకోకూడదు.

అయినా బుజ్జి ఆ పిల్ల దగ్గర నేర్చుకుంది కూడా తక్కువేం కాదు. జడలకి పూసలున్నాయని క్లాసులో పిల్లలు ఊరికే పట్టుకుని లాగేవాళ్ళట. "ముట్టుకునే ముందు అడుగు, నేను వద్దంటే వద్దనే" అని గట్టిగా చెప్తుందట ఆ పిల్ల. జుట్టు తీరుని బట్టి స్కూల్లోగానీ ఉద్యోగంలోగానీ వివక్ష చూపించకూడదని 2019లో కాలిఫోర్నియా మొదట చట్టం చేసింది, తర్వాత చాలా రాష్ట్రాలు చేశాయి, జుట్టుకి కూడా చట్టం కావాల్సొచ్చింది చూడండి. మొన్న పెద్దాడు జడ లాగితే బుజ్జి వెనక్కి తిరిగి అచ్చం అదే మాట అదే గొంతుతో అంది. అత్తయ్య నోరు తెరుచుకుని చూశారు.

అత్తయ్య గురించి చెప్పాలి అసలు. వదిన మాటకి వంత పాడతారేమో అనుకున్నాను ఆ రోజు. ఏమీ మాట్లాడలేదు. ఇవాళ సాయంత్రం బుజ్జికి నూనె రాస్తుంటే అది తన చెయ్యి తీసి ఆవిడ చెయ్యి పక్కన పెట్టి, నాయనమ్మా మనిద్దరిదీ సేమ్ కలర్ అంది. "సేమ్ ఏంటే, నాదే నీకొచ్చింది. మీ నాన్నకి రాలేదు, మీ అత్తకి రాలేదు, నీకొక్కదానికే ఇచ్చాను" అన్నారావిడ. బుజ్జి మొహం చూడాలి అప్పుడు.

సన్‌స్క్రీన్ కొనాలి. పాతది జింక్ ఎక్కువున్నది, రాస్తే బుజ్జి మొహం బూడిద పూసినట్టు తెల్లగా అవుతుంది, దానికి నచ్చదు, నాకూ నచ్చదు. మన రంగు మీద తెల్లపూత కనపడనివి ఉన్నాయి, అవి చూడాలి. రాసేటప్పుడు ఎండకి చర్మం కాలుతుంది, అందుకే రాస్తున్నా అని మాత్రం చెప్తాను, నల్లబడతావన్న మాట ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. నల్లగా ఉన్నవాళ్ళకి అక్కర్లేదు అనేవాళ్ళున్నారు, అదీ తప్పే, చర్మ క్యాన్సర్ మనకీ రావచ్చు. బాబ్ మార్లీ 36 ఏళ్ళకే పోయింది కాలి గోరు కింద మొదలైన మెలనోమాతోనే, అది ఎండవల్ల వచ్చే రకం కాకపోయినా.

సమ్మర్ సాకర్ ఫారం నింపేశాను ఇందాకే. వదినకి రేపు ఫోన్ చేస్తాను. ఆదివారం బుజ్జి మ్యాచ్‌కి రమ్మంటాను, దాని ఫ్రెండూ ఆడుతోంది, వాళ్ళమ్మ కూడా వస్తుంది. బుజ్జి ముందు రంగు మాట ఎత్తొద్దని, ఆ పిల్ల గురించి గొంతు తగ్గించి మాట్లాడొద్దని అదే ఫోన్లో చెప్తాను. ఆవిడకి కోపమొస్తే రానివ్వండి, మా ఆయన సర్దిచెప్పుకుంటారు.